తొమ్మిదో బెడ్‌కు మందుల్లేవు

ఆదివారం, మధ్యాహ్నం

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాసుకునే కబుర్లు. ఇక్కడ నేనూ నాన్నా ఆరోగ్యంగానే ఉన్నాం. నువ్వు కూడా అక్కడ ఒంట్లో బాగుండి, వేళకు తిని, నర్సు డ్యూటీ దిగాక కాళ్ళు కాస్త పైకి పెట్టుకుని పడుకుంటున్నావని అనుకుంటున్నాం. అనుకోవడమే తప్ప వచ్చి చూసేవాళ్ళం కాదు కదా.

నాన్న ఆరోగ్యంగా ఉన్నాడన్నది నా మాట. ఆయన్ని అడిగితే వేరే కథ చెబుతాడు. పోయిన శనివారం దవడ పన్ను తీయించుకున్నాడు. యాభై మందిని ఎక్కించుకుని కొండదారిలో బస్సు నడిపే మనిషి, డాక్టరు కుర్చీలో కూర్చోగానే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇప్పుడు పన్ను పోయిన బుగ్గను చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు. "మీ అమ్మ ఉంటే ఇలా పీకనిచ్చేదా" అని రోజుకు నాలుగుసార్లు అంటున్నాడు. నువ్వే ఉంటే ఆరు నెలల ముందే పీకించేసేదానివని నాకు తెలుసు.

పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. వంటింటి కొళాయి బాగు చేయించామా అని ఒకటి. చేయించాం, ఇప్పుడు నీళ్ళు కారడం లేదు, కాకపోతే తిప్పడానికి ఇద్దరు కావాలి. నీకు సెలవు దొరికితే నేనూ పెట్టగలనా అని రెండోది. ఆ సంగతి రేపటి తర్వాతే తెలుస్తుంది, ఎందుకో కింద రాస్తాను. మూడోది నువ్వు నవ్వుతూ రాసిందే: "మా పనిలో తప్పు జరిగితే మనిషి మొహంలో తెలిసిపోతుందే. మీ పనిలో తప్పు జరిగితే మీకెలా తెలుస్తుంది?" ఈ ఉత్తరం దానికి జవాబు. తిన్నగా రాయడం నా వల్ల కావడం లేదు, చుట్టూ తిరిగి వస్తాను, ఓపిక పట్టు. ఫోన్ చేయొచ్చుగా అంటావేమో. నువ్వు "ఏమైందే?" అనగానే "ఏం లేదమ్మా" అనేస్తాను. ఈ వారంలో రెండుసార్లు అలాగే అన్నాను.

రేపు పదకొండింటికి మా ఆసుపత్రిలో విచారణ ఉంది. ట్రే పిన్ని ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అక్కడ తేలుతుంది.

ట్రే పిన్ని గురించి ఇదివరకే ఒకటి రెండుసార్లు రాశాను. మందుల స్టోర్లో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. ఎవరికీ చుట్టం కాదు, అందరికీ పిన్నే. ఒక్కొక్క వార్డుకు ఒక్కొక్క ట్రే, ట్రేలో పన్నెండు గళ్ళు, గడికో పొట్లం. మా కంప్యూటర్ గది నుంచి వార్డువారీగా స్లిప్పులు ప్రింటవుతాయి. బెడ్ నంబరు, దాని కింద ఉదయం మాత్రల పేర్లు. పిన్ని స్లిప్పు చూసి మాత్రలు తీసి, పొట్లం కట్టి, ఆ స్లిప్పే పొట్లానికి అంటించి, గడిలో పెడుతుంది. ఇరవై రెండేళ్ళలో ఒక్క పొట్లం తప్పు పోలేదని ఆవిడ గొప్పగా చెప్పుకునేది. నిజంగానే పోలేదు.

ఆ స్లిప్పుల ప్రోగ్రాం నాది. ఎనిమిది నెలల క్రితం రాశాను. మా సార్ దాన్ని మొదట్లో వారం రోజులు పక్కన కూర్చుని చూశాడు. ఆయన్ని అందరూ కామా సార్ అంటారు, ఎక్కడ కామా తప్పినా వాసన పట్టేస్తాడని. వారమయ్యాక, "ఇక నీది నేను చూడక్కర్లేదు" అన్నాడు. ఆ మాట నీకు ఫోన్లో రెండుసార్లు చెప్పాను, గుర్తుందా? అంత మురిసిపోయాను మరి.

దాని లోపల ఏముందో నీకు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. భయపడకు, నాన్నకే అర్థమైంది. వార్డు ఒక లిస్టు. అందులో బెడ్లు. ఒక్కొక్క బెడ్ మళ్ళీ ఒక లిస్టు, అందులో పొట్లం. పొట్లం కూడా ఒక లిస్టే, అందులో మాత్రలు. సంచిలో సంచి, ఆ సంచిలో ఇంకో సంచి ఉన్నట్టు. ఇలాంటి వాటిని విప్పి వరసగా పేర్చడానికి మేం వాడే భాషలో ఒక ఫంక్షన్ ఉంది. ఫంక్షన్ అంటే చెప్పిన పని చేసిపెట్టే మనిషి అనుకో. ఆప్షన్లంటే ఆ మనిషికి మనం పెట్టే షరతులు. షరతు పెట్టకపోతే తన అలవాటు ప్రకారం చేసుకుపోతుంది, మళ్ళీ మనల్ని అడగదు.

మొదటి షరతు, ఎన్ని పొరలు విప్పాలన్నది. చెప్పకపోతే అన్నీ విప్పేస్తుంది. మొదటిరోజు నేను చెప్పలేదు. వార్డు విడిపోయింది, బెడ్లు విడిపోయాయి, పొట్లాలు కూడా విడిపోయి మాత్రలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. పన్నెండు స్లిప్పులు రావలసిన చోట నలభై మూడు వచ్చాయి. పిన్ని ఆ కాగితం చుట్టంతా మెడలో వేసుకుని మా గదికి వచ్చింది.

"ఏంటమ్మా ఇది, నాకు సన్మానమా?" అంది.

ఒక్క పొర చాలని చెప్పాను. పన్నెండు బెడ్లకు పన్నెండు పొట్లాలు వచ్చాయి. అక్కడిదాకా బాగుంది.

రెండో షరతు, పేర్లు ఉంచాలా తీసెయ్యాలా అన్నది. ఉంచితే ప్రతి పొట్లానికీ అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆ దారంతా పేరుగా అతుక్కుంటుంది. మూడో వార్డు, చుక్క, పదో బెడ్, చుక్క, ఉదయం, చుక్క, పొట్లం ఒకటి. స్లిప్పులో సగం ఆ తోకకే సరిపోయేది, మాత్రల పేర్లు చీమల్లాగా కిందికి నక్కేవి. పిన్ని ఊరుకోలేదు.

"ఆ తోకలు కత్తిరించు తల్లీ. అవి చదివేసరికి కళ్ళు లాగేస్తున్నాయి నాకు."

కత్తిరించాను. పేర్లు వద్దని చెప్పాను. వాటి బదులు ఒకటి నుంచి పన్నెండు దాకా బెడ్ నంబర్లు విడిగా తీసుకుని, పొట్లాల పక్కన వరసగా నిలబెట్టాను. పన్నెండు పొట్లాలు, పన్నెండు నంబర్లు, జతకు జత. స్లిప్పులు ముత్యాల్లాగా వచ్చాయి. పిన్ని ఆ రోజు అందరితో "మా కంప్యూటర్ పిల్ల బంగారం" అని చెప్పింది. ఎనిమిది నెలలు ఒక్క మాట పడలేదు.

ఇప్పుడు పోయిన మంగళవారం సంగతి. మూడో వార్డులో తొమ్మిదో బెడ్ మనిషికి ఆపరేషన్. ఉదయం నుంచి నోట్లో చుక్క నీరు పడకూడదు, మందులు కూడా వద్దన్నారు. పదో బెడ్‌లో ఒక లెక్కల మాస్టారు, బీపీ తప్ప వేరే రోగం లేదు. పదకొండో బెడ్ ఆయనకు షుగర్. ఉదయం ఏడున్నరకు ట్రే పైకి వెళ్ళింది. తొమ్మిదో బెడ్‌కూ ఒక పొట్లం వచ్చింది. ఆయన "నాకేమీ ఇవ్వొద్దన్నారు సిస్టర్" అని పక్కకు నెట్టేశాడు కాబట్టి బతికిపోయాడు. మాస్టారుకు ఇచ్చిన పొట్లంలో షుగర్ మాత్ర ఉంది. ఆయన ఉదయం సరిగా తినలేదు కూడా. తొమ్మిదింటికి బాత్రూమ్‌కు వెళ్తూ కళ్ళు తిరిగి పడిపోయాడు. తలుపు అంచు తగిలి నుదురు చీరుకుపోయింది. రెండు రోజులు ఐసీయూలో ఉంచారు. ఇప్పుడు లేచి కూర్చుంటున్నాడు, కుట్లు ఎనిమిది పడ్డాయి. పదకొండో బెడ్‌కు పన్నెండోదాని విటమిన్ మాత్ర పోయింది, దానితో ఏమీ కాలేదు. పన్నెండో బెడ్‌కు అసలు పొట్లమే రాలేదు. నర్సు కిందికి ఫోన్ చేస్తే, పిన్ని "అయ్యో, మర్చిపోయానేమో" అని డాక్టరు చీటీ చూసి చేత్తో కట్టి పంపింది.

ఇదంతా చదివితే నీకేమనిపిస్తుంది? అందరికీ అదే అనిపించింది. పిన్ని చెయ్యి ఒక గడి జారింది. తొమ్మిదో గడి వదిలెయ్యాల్సింది మర్చిపోయి పదోదాని పొట్లం అందులో పెట్టింది, ఇక అక్కడి నుంచి అన్నీ ఒక్కొక్కటి ముందుకు జరిగాయి. స్లిప్పులు చూద్దామంటే అవి పొట్లాలతో పాటు చింపి చెత్తలో వేశారు, పది గంటలకల్లా కాల్చేశారు. బుధవారం కామా సార్ ఆ రోజు లిస్టు పెట్టి ప్రోగ్రాంను సూపరింటెండెంట్ మేడం ముందు మళ్ళీ నడిపించి చూపాడు. స్లిప్పులు సరిగ్గా వచ్చాయి. తొమ్మిదో బెడ్‌కు ఖాళీ స్లిప్పు, పదో బెడ్‌కు బీపీ మాత్ర, పదకొండుకు షుగర్. ప్రోగ్రాంలో తప్పు లేదని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఆ సాయంత్రమే పిన్నిని సస్పెండ్ చేశారు.

పిన్నిని అడిగితే గట్టిగా కాదనలేదు. అదే నాకు మింగుడు పడలేదు. "స్లిప్పులో ఉన్నదే పెట్టాననుకుంటున్నాను" అందట. అనుకుంటున్నాను అంటే ఇక అయిపోయినట్టే కదా విచారణలో.

గురువారం డ్యూటీ అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదుల ఇల్లు, ముందు గదిలోనే మంచం. ఆవిడ భర్తకు మోకాళ్ళు పనిచేయవు, ఆ మంచం మీదే కూర్చుని రేడియో బాగుచేస్తూ ఉంటాడు. పిన్ని నేల మీద కూర్చుంది. ముందు ఒక పాత ట్రే, పన్నెండు గళ్ళది. పక్కన గిన్నెలో రంగురంగుల చొక్కా బొత్తాలు. ఒక కాగితం మీద తనే ఏదో రాసుకుంది, ఒకటో గడికి రెండు తెల్లవి, రెండో గడికి ఒక నల్లది, అలా. అది చూసి గళ్ళలో పెడుతోంది. కొత్త కళ్ళజోడు పెట్టుకుంది. కళ్ళ డాక్టరు అక్కర్లేదన్నా అడిగి మరీ రాయించుకుందట.

"కూర్చో తల్లీ. కాస్త చూసిపెట్టు, సరిగ్గా పెట్టానా?"

కూర్చుని కాగితంతో సరిచూశాను. పన్నెండు గళ్ళూ సరిగ్గా ఉన్నాయి.

"అన్నీ కరెక్టే పిన్నీ."

"పొద్దుట్నుంచి ఇది పదిహేనోసారి. పదిహేనుసార్లూ కరెక్టే వచ్చింది." ట్రేను తిరగేసి బొత్తాలన్నీ మళ్ళీ గిన్నెలో పోసింది. "ఆ రోజే ఎందుకు జారిందో తెలీడంలేదు. నాకు గుర్తుండటం లేదేమో. మా అమ్మకీ ఈ వయసులోనే మతిమరుపు మొదలైంది."

ఆవిడ భర్త రేడియో మీద నుంచి తల ఎత్తకుండా, "నీకేం కాలేదే" అన్నాడు. వందోసారి అంటున్న మనిషి గొంతు అది. నేను టీ తాగి వచ్చేశాను.

ఇక నీ ప్రశ్న దగ్గరికి వస్తాను. తప్పు జరిగితే మాకెలా తెలుస్తుంది? చాలాసార్లు తెలియదమ్మా. ప్రోగ్రాం కిందపడి ఏడిస్తే అదృష్టం. అది నోరెత్తకుండా పని పూర్తిచేసి, చక్కటి స్లిప్పు చేతికిచ్చిందంటే ఎవరికీ తెలియదు. మనిషి పడిపోయేదాకా తెలియదు.

మా పాత హెడ్ సిస్టర్ మూడు నెలల కిందట రిటైరయ్యింది. ఆవిడ నీలాంటిదే. నువ్వు డ్యూటీ అప్పగించేటప్పుడు "ఐదో బెడ్, ఏమీ లేదు" అని నోటితో అనేదానివని చెప్పేదానివి కదా, ఏ బెడ్‌నూ మాట లేకుండా దాటకూడదని. ఆవిడా అంతే. మందుల్లేని మనిషికి కూడా లిస్టులో "నోటికి ఏమీ వద్దు" అని ఒక పంక్తి రాయించేది. దాంతో ఆ బెడ్‌కూ ఒక స్లిప్పు వచ్చేది, ఉత్త పొట్లం పైకి వెళ్ళేది. పిన్ని నవ్వుకుంటూ ఆ ఉత్త పొట్లాలు కట్టేది. కొత్త సిస్టర్ మంచిదే, చురుకైనది. మందుల్లేకపోతే రాయడం దేనికని ఖాళీగా వదిలేసింది. వార్డులో ఆపరేషన్ మనిషి ఉండటం ఆవిడ వచ్చాక మంగళవారమే మొదటిసారి. మా దగ్గర రోగి లేని బెడ్ ఎప్పుడూ ఉండదు కాబట్టి, ఎనిమిది నెలల్లో మొట్టమొదటిసారి ఒక బెడ్ లిస్టు నిజంగా ఖాళీగా వచ్చింది.

ఆ ఫంక్షన్‌కు మూడో షరతు ఒకటుంది. లోపల ఏమీ లేని లిస్టును ఉంచాలా, పారెయ్యాలా? మనం చెప్పకపోతే పారేస్తుంది. అది పుస్తకంలో మూడో పేరాలో ఉంది. నేను రెండు పేరాలు చదివి పుస్తకం మూసేశాను. కాబట్టి ఆ రోజు పన్నెండు బెడ్లకు పదకొండు పొట్లాలే వచ్చాయి. పేర్లు ఉంచి ఉంటే ఏది ఎవరిదో తోకలో కనిపించేది, తోకలు నేనే కత్తిరించాను. పదకొండు పొట్లాల పక్కన పన్నెండు నంబర్లు వరసగా నిలబడ్డాయి. పదో బెడ్ పొట్లం తొమ్మిదో నంబరు పక్కకు వచ్చింది, పదకొండోది పదో దాని పక్కకు. చివరి నంబరుకు జత లేకపోతే ప్రోగ్రాం దాన్ని చప్పుడు చేయకుండా వదిలేసింది. పిన్ని చెయ్యి జారలేదమ్మా. స్లిప్పులో ఉన్నదే పెట్టింది.

ఇది నాకు ఎప్పుడు తెలిసిందంటావా? అదే రాయలేక ఇన్ని పేజీలు నింపాను.

మంగళవారమే తెలిసింది. మాస్టారు పడిపోయాడన్న కబురు తొమ్మిదిన్నరకు వచ్చింది. పన్నెండో బెడ్‌కు పొట్లం రాలేదని పిన్ని ఫోన్లో అంటుంటే విన్నాను. లిస్టు తెరిచి చూశాను, తొమ్మిదో బెడ్ ఖాళీ. పదకొండున్నరకల్లా మొత్తం అర్థమైంది. ప్రోగ్రాంలో ఒక్క పంక్తిలో రెండు మాటలు మార్చాను, పేర్లు ఉంచు, ఖాళీవి ఉంచు అని. నంబరు ఆ పేరు నుంచే తీసుకునేటట్టు చేశాను. అక్కడిదాకా నేను చేసింది తప్పు కాదనే ఇప్పటికీ అనుకుంటున్నాను, మర్నాడు ఇంకొకరికి తప్పు మందు పోకూడదు కదా. కానీ మా దగ్గర ఏ మార్పు చేసినా ఎందుకు చేశామో ఒక వాక్యం రాయాలి. నేను "అక్షరాల సైజు సవరణ" అని రాశాను. ఆలోచించి మరీ రాశాను, ఎవరికీ అనుమానం రాని మాట ఏదా అని.

బుధవారం కామా సార్ మేడం ముందు నడిపించింది నేను సరిచేసిన ప్రోగ్రాంను. సరిగ్గా రాక ఏమవుతుంది? నేను ఆ గదిలోనే ఉన్నాను, ప్రింటర్‌లో కాగితం పెట్టింది నేనే.

పిన్నికి ఒక మందలింపు రాసి వదిలేస్తారులే అనుకున్నాను. ఇరవై రెండేళ్ళ మనిషి, ఏం చేస్తారు అనుకున్నాను. శుక్రవారం తెలిసింది, తీసేయడానికే నిర్ణయించారట, విచారణ ఉత్త తంతు. మాస్టారి కూతురు గట్టిగా పట్టుబట్టింది. ఆవిడ తప్పేముంది, తండ్రి నుదుటి మీద కుట్లు చూసిన మనిషి.

నాకు భయమమ్మా. ఉద్యోగం పోతుందని భయం, కేసు పెడతారని భయం. అన్నిటికంటే కామా సార్ మొహం చూడాలంటే భయం. మూడు రోజులుగా సగం అన్నం వదిలేస్తున్నాను. నాన్న తన పన్ను గొడవ మధ్యలో కూడా కనిపెట్టాడు. "ప్రేమా దోమా ఏమన్నా ఉంటే చెప్పెయ్యవే, నేను మీ అమ్మకు చెబుతాను" అన్నాడు. ఇందాకే ఆయనకు మొత్తం చెప్పాను. నవ్వు ఆపేసి, బుగ్గ మీద నుంచి చెయ్యి తీశాడు. ఆ తర్వాత, "నేను ఎవరినన్నా గుద్ది, కండక్టర్ మీద తోసేసి వస్తే నన్ను ఇంట్లోకి రానిస్తావా?" అన్నాడు.

ఉత్తరం ఇక్కడ ఆపుతున్నాను. రేపు ఏం చేస్తానో నాకే తెలియదు. చెప్పేస్తాను అని రాసి చెప్పకపోతే నీకు ఇంకో అబద్ధం రాసినట్టవుతుంది.

సోమవారం, సాయంత్రం

చెప్పాను.

పొద్దున పదకొండుకు మీటింగు గదిలో పొడుగు బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. మేడం, స్టోర్ ఇన్‌చార్జి, కొత్త సిస్టర్, కామా సార్. మాస్టారి కూతురు గోడ వారగా కుర్చీలో కూర్చుంది. నన్ను పిలిచింది ఒకవేళ ప్రోగ్రాం గురించి ఏమన్నా అడగాలంటే చెప్పడానికి. పిన్ని ఇస్త్రీ చీర కట్టుకుని, కొత్త కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. చేతిలో ఒక కాగితం ఉంది.

మేడం కఠినంగా ఏమీ మాట్లాడలేదు. "మీరు చెప్పుకునేది ఏమన్నా ఉందా?" అని అడిగింది.

పిన్ని లేచి నిలబడింది. "నా చెయ్యే జారి ఉంటుంది మేడం. నాకు గుర్తు లేదు. గుర్తు లేదు కాబట్టి నేనే చేసుంటాను." మాస్టారి కూతురు వైపు తిరిగింది. "మీ నాన్నగారి కాళ్ళకు దండం పెట్టుకుంటానమ్మా. ఉద్యోగం నేనే మానేస్తానని రాసుకొచ్చాను. తీసేశారని మాత్రం రాయకండి, మా ఆయన తట్టుకోలేడు."

కాగితం బల్ల మీద పెట్టి మేడం వైపు జరిపింది. మేడం దాన్ని అందుకోబోయింది. నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు.

"పిన్ని చెయ్యి జారలేదు మేడం. స్లిప్పే తప్పు. ప్రోగ్రాం తప్పు. నేను మంగళవారం దాన్ని మార్చేశాను, అందుకే బుధవారం మీకు సరిగ్గా వచ్చింది."

కామా సార్ నెమ్మదిగా తన ల్యాప్‌టాప్ తెరిచాడు. మార్పుల చిట్టా చూశాడు.

"అక్షరాల సైజు అని ఉందిక్కడ."

"అబద్ధం రాశాను సార్."

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, "పాతది పెట్టి నడుపు" అన్నాడు. అంతే.

రెండు మాటలు తీసేశాను, నంబర్లను మళ్ళీ పాతలాగే వరసగా నిలబెట్టాను. మంగళవారం లిస్టు పెట్టి నడిపాను. మూలనున్న ప్రింటర్ స్లిప్పులు వదిలింది. మేడం లెక్కపెట్టింది, పదకొండు. పదో స్లిప్పు వేరు చేసి పిన్ని చేతికిచ్చింది.

పిన్ని దాన్ని దగ్గరగా పెట్టుకుని చదివింది. "పదో బెడ్. షుగర్ మాత్ర, ఒకటి. ఉదయం." మళ్ళీ చదివింది. మూడోసారి చదువుతూ కూర్చుండిపోయింది. కొత్త సిస్టర్ వెళ్ళి మంచినీళ్ళు ఇచ్చింది.

మాస్టారి కూతురు నన్నే చూస్తోంది. నేను ఆవిడ దగ్గరికి వెళ్ళి, మీ నాన్నగారికి ఆ మాత్ర పోవడానికి కారణం నేనే అని చెప్పాను. "ఈ ఆరు రోజులూ నేను ఈవిణ్ణే తిట్టుకుంటూ ఉన్నాను" అంది ఆవిడ.

మేడం అక్కడికక్కడే చెప్పింది. పిన్ని రేపు ఉదయం ఏడింటికి డ్యూటీలో చేరాలి, ఆ రాజీనామా కాగితం చెల్లదు. నేను కంప్యూటర్ గది తాళాలు అప్పగించి ఇంటికి వెళ్ళాలి, ఏం నిర్ణయించిందీ కాగితం పంపుతారు. కేసు సంగతి మాస్టారి కుటుంబం ఇష్టం. కాబట్టి సెలవు సంగతి అడిగావే, ఇక నాకు అన్నీ సెలవులే.

తాళాలు ఇవ్వడానికి వెళ్తే కామా సార్ వాటిని సొరుగులో వేసుకున్నాడు. "తప్పు చేసినందుకు నేనేం అనుకోలేదు. ఎనిమిది నెలలు నేనూ ఆ పంక్తి చూడలేదు. నాతో సంతకం పెట్టించావు చూడు, అదీ" అన్నాడు. తర్వాత స్క్రీన్ వైపు తిరిగిపోయాడు.

బయటికి వస్తే వరండాలో బల్ల మీద పిన్ని కూర్చుని ఉంది. నా కోసమే ఆగింది. పక్కన కూర్చోమనలేదు, నేను నిలబడే ఉన్నాను. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను, ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"మంగళవారమే తెలుసా నీకు?"

"తెలుసు."

"గురువారం మా ఇంటికొచ్చావు."

"వచ్చాను."

"అప్పుడూ తెలుసు."

"తెలుసు పిన్నీ."

ఆవిడ కోపంగా లేదు. అంతకంటే ఘోరంగా, నిజంగానే నన్ను ఏదో అడిగి తెలుసుకోవాలన్నట్టుగా ఉంది.

"ఇన్నేళ్ళు పనిచేశాను, ఒక్కరూ గుమ్మం తొక్కలేదు, ఆ పిల్ల ఒక్కతే వచ్చింది, మనసున్న పిల్ల అని మా ఆయనతో చెప్పాను. నాలుగు రోజుల్నుంచి ఆయన ఆ మాట పట్టుకునే నాకు ధైర్యం చెబుతున్నాడు. ఇప్పుడింటికెళ్ళి ఆయనకేం చెప్పమంటావు?"

ఆవిడ లేచి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇట్లు,
నీ కూతురు